యాభై ఆరున్నర

నాలుగు వేల మీటర్ల ఎత్తున
గాలికి కూడా రేషనే.
ఎల్ ఆల్తోలో అగ్గిపుల్ల ఒక్క గీతకి అంటుకోదు,
బంగాళాదుంప ఉడకడానికి ఓ పూట పడుతుంది.
నూట పాతిక అని రాసున్న బండి
ఇక్కడికొచ్చేసరికి ఎనభై కూడా కాదు.

ఎవుసెబియో లారూతా బండితో వచ్చాడు,
నడుపుకుంటూ కాదు, తోసుకుంటూ.
వెనక రెండు బుట్టల రొట్టెలు, పైన నీలం పట్టా.
"సెనోబియా, దీనికి ఆయాసం" అన్నాడు,
తనకే వచ్చినంత సిగ్గుపడుతూ.

ముందే చెప్పాను:
ఉన్న బోరుని పెద్దది చేస్తే గోడ పలచబడి పగులుతుంది.
సిలిండరే మార్చాలి, అరవై రెండు మిల్లీమీటర్లది.
దాని మెడ దిగేలా కేసు మూతి అరగదీయాలి.
క్లచ్చి స్ప్రింగులు, వెనక బ్రేకు కూడా.
ఎక్కే దమ్ము ఇచ్చి
దిగే బుద్ధి ఇవ్వకపోతే పాపం నాది.
అతను లెక్క వినలేదు.
సగం డబ్బు బల్ల మీద కుమ్మరించాడు,
పిండి అంటిన చిల్లర.

మంగళవారం విప్పాను.
పిస్టను నెత్తిన పదకొండేళ్ల మసి,
చిక్కిపోయిన వేలికి ఉంగరాల్లా వదులైన రింగులు.
కేసు మూతి రెండు రోజులు తిన్నది.
గ్రైండరుతో కొంత, చివరి వెంట్రుకవాసి ఆకురాయితో.
ఒక్క రజను లోపల పడితే కథ మళ్లీ మొదటికే.
గ్రీజు గుడ్డ కుక్కి, ఊపిరి బిగబట్టి
(ఈ ఊళ్లో ఊపిరి బిగబట్టడం దుబారా)
గీకాను.

మా నాన్న అనేవాడు, పావడాకీ చెయినుకీ పడదని.
నా పావడాకి ఆరు పొరలు.
ఇంతవరకు ఒక్కటీ చక్రంలో పడలేదు.

జెట్టు దగ్గర లారూతాతో పేచీ.
ఇంజను పెద్దదయింది కదా, పెట్రోలు బాగా పొయ్యమంటాడు.
గాలేదయ్యా కలుపుకోడానికి?
కూరని బట్టే ముద్ద.

శనివారం పొద్దున
మొదటి చుక్క నేలకి,
రెండోది సిలిండరు నెత్తికి,
మూడోది, నేను చూడట్లేదనుకుని, తన గొంతులోకి.
చల్లా అంటాం మేం దాన్ని. చల్లడమే.
నాలుగో కిక్కుకి లేచింది.
మీసం మొలిచే కుర్రాడి గొంతులా
ఒకసారి జీర, ఒకసారి బొంగురు,
తర్వాత నిలకడ.
"ఐదు వందల కిలోమీటర్లు మెల్లగా" అన్నాను.
"సరే" అన్నాడు.
ఆ సరే నాకు తెలుసు.

రెండు వారాలకి బసీలియా వచ్చింది,
తొమ్మిదో మలుపులో ఊదా మొక్కజొన్న గంజి అమ్మే మనిషి.
"ఆ రొట్టెల బండి బాగుచేసింది నువ్వేనా?"
"నేనే."
"రోజూ తెల్లారగట్ల నా పొయ్యి ముందుకొచ్చి చచ్చేది.
గ్లాసు గంజి తాగేదాకా వేడి దిగేది కాదు.
ఇప్పుడు హారన్ కొట్టి పోతోంది."
మెచ్చుకోడానికొచ్చిందో
తిట్టడానికొచ్చిందో అర్థం కాలేదు.
ఇద్దరం కాసేపు నట్లబుట్ట కేసి చూశాం.

బల్ల మీద పాత పిస్టను చేతిలోకి తీసుకుంది.
యాభై ఆరున్నర.
ఇంచుమించు గంజి గ్లాసంత.
"దీంతో ఏమన్నా పనుందా?"
"ఏం లేదు, పాత ఇనుమోడికే."
చారల గుడ్డలో మూటగట్టుకుంది.
డబ్బు ఇవ్వబోతే వద్దన్నాను.

నిన్న చెయిను కొనడానికి దిగుతూ చూశాను.
కాగితపు రుమాళ్లు ఎగిరిపోకుండా
వాటి మీద పిస్టను బోర్లించి ఉంది,
మసి తోమి, తళతళా.
కింది మలుపులోంచి నూట యాభై గొంతు.
మూడో గేరు.
రెండు.
ఆ ఎత్తుకి నేను కట్టిన ఇంజనుకి
రెండో గేరు అక్కర్లేదు.
బసీలియా తల ఎత్తలేదు.
గ్లాసు మాత్రం తొలవడం మొదలెట్టింది.